ఎర్ర ఫోల్డర్‌లో ఏడు సంతకాలు

మా పెద్దపిల్ల మూడో తరగతి తప్పేలా ఉందని ఇంట్లో ఉన్న ఐదుగురు పెద్దవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. తెలియదనడం కూడా పూర్తిగా నిజం కాదు. ఆ సంగతి తెలియజేస్తూ స్కూలు నుంచి వచ్చిన ప్రతి కాగితం మీదా శుభ్రంగా సంతకాలు పెట్టి పంపాం. చదవలేదంతే.

ఈ ఘనకార్యం ఎలా సాధించామో తెలియాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. నార్త్ కరోలినాలో మోరిస్‌విల్ అనే ఊళ్ళో ఒకే కప్పు కింద పదిమందిమి ఉంటాం. మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు. ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే నా తోడికోడలు. వాళ్ళకి ముగ్గురు పిల్లలు, టెన్త్ గ్రేడ్ చదివే అబ్బాయి, సిక్స్త్ గ్రేడ్‌లో కవల ఆడపిల్లలు. మేమిద్దరం, మాకు ఎనిమిదేళ్ళదొకటి, మూడేళ్ళదొకటి. వీళ్ళందరి నెత్తిమీదా మా అత్తగారు. అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్న ఇల్లు. ఊళ్ళో తెలుగువాళ్ళు మమ్మల్ని జూలో జంతువుల్ని చూడ్డానికి వచ్చినట్టు వచ్చి చూసిపోతుంటారు. "ఈ రోజుల్లో, అందులోనూ అమెరికాలో ఉమ్మడి కుటుంబమా! మీ పిల్లలు పెట్టి పుట్టారండీ" అని బుగ్గలు నొక్కుకుంటారు. టీ తాగి, నాలుగు ఫొటోలు తీసుకుని, హాయిగా తమ నలుగురే ఉండే ఇళ్ళకి వెళ్ళిపోతారు.

మా బావగారు ఆఫీసులో ప్రాజెక్ట్ మేనేజర్. ఇంట్లోనూ అదే ఉద్యోగం, కాకపోతే ఇక్కడ ఆయన కింద పనిచేసేవాళ్ళకి రాజీనామా చేసే వీల్లేదు. ఫ్రిజ్ మీద ఆయన అంటించిన పట్టిక ప్రకారం వంట అక్కది. బట్టలు, గిన్నెలు, డాక్టర్ల దగ్గరికి తిప్పడం నావి. పిల్లల్ని స్కూళ్ళలో దింపడం, తీసుకురావడం మా ఆయనది. స్కూళ్ళతో మాట్లాడే పనంతా బావగారిది. చదివించడం అత్తగారిది. ఆవిడ మన దగ్గర ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని గడగడలాడించి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు మరి. ఈ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి వారమే అత్తగారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "చూడమ్మా, కడుపున పుట్టినవాళ్ళయినా ఒకటే, తోడికోడలి పిల్లలయినా ఒకటే. నా పిల్లలు, నీ పిల్లలు అనే మాట ఈ ఇంట్లో వినపడకూడదు." ఆ మాట మేం అక్షరాలా నిలబెట్టుకున్నాం. ఎవరి పిల్లల్నీ ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోలేదు.

స్కూళ్ళ కోసం బావగారు ఒక ఉమ్మడి ఈమెయిల్ తెరిచారు. ఉమ్మడి కుటుంబానికి ఉమ్మడి ఈమెయిల్, ఎంత ముచ్చట! ఐదుగురి ఫోన్లలోనూ అది ఉంటుంది. ఎవరూ తెరవని ఉత్తరం అందులో బొద్దు అక్షరాల్లో కనిపిస్తుంది. ఒక్కరు తెరిచారంటే చాలు, మిగతా నలుగురి ఫోన్లలోనూ చిక్కిపోతుంది. చిక్కిపోయిందంటే ఎవరో చూసుకున్నారని అర్థం. ఆ ఎవరో ఎవరని ఎవరూ అడగరు. అడిగితే అనుమానించినట్టు ఉంటుంది కదా, కలిసి ఉండేవాళ్ళం. పదిమందిలో పాము చావదని పెద్దలు ఊరికే అన్నారా.

ఇక మా పెద్దది. ఇంట్లో దానికున్న బిరుదు ఏకసంథాగ్రాహి. ఒక్కసారి వింటే చాలు, మర్నాడు పొల్లుపోకుండా అప్పజెప్పేస్తుంది. ఉగాదికి మా ఊరి తెలుగువాళ్ళు ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకుని చేసిన పండగలో, అత్తగారు నోటిమాటగా నేర్పిన పాతిక పద్యాలు గుక్క తిప్పుకోకుండా చెప్పి దిగింది. చప్పట్లే చప్పట్లు. అత్తగారి కాళ్ళు ఆ రోజు నేల మీద ఆనలేదు. "నా పోలిక" అన్నారావిడ. "మన వంశంలోనే ఉందమ్మా ఆ జ్ఞాపకశక్తి" అన్నారు బావగారు. నా వైపు నుంచి కూడా ఏదైనా వచ్చి ఉంటుందేమోనని ఎవరూ పొరపాటున కూడా అనుమానించలేదు.

పదిమంది ఉన్న ఇంట్లో అడిగితే చదివిపెట్టేవాళ్ళకి కొదవేముంది? కవలల్లో ఒకదాని దగ్గరికి వెళ్ళి "అక్కా, ఇది ఒక్కసారి చదివి వినిపించవా" అనేది. అది గడగడా చదివేసేది, ఇది నోరు తెరుచుకుని వినేది. మర్నాడు సాయంత్రం అత్తగారి ముందు అదే పుస్తకం తెరిచి, సరిగ్గా తిప్పాల్సిన చోట పేజీ తిప్పుతూ, మొదటి నుంచి చివరి దాకా చెప్పేసేది. అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "శభాష్" అనేవారు. ముప్ఫై ఏళ్ళ అనుభవం. ఆ పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్నా అది అలాగే చెప్పి ఉండేదని ఇప్పుడు నాకు తెలుసు.

అక్టోబర్‌లో టీచర్లతో తల్లిదండ్రుల మీటింగులు పెట్టారు. బావగారు ఒకే రోజు సెలవు పెట్టి మూడు స్కూళ్ళూ చుట్టేసి వచ్చి, రాత్రి భోజనాల దగ్గర రిపోర్టు ఇచ్చారు.

"మన బంగారుతల్లి టీచర్ ఎంత హ్యాపీగా ఉందనుకున్నారు! 'షీ ఈజ్ సచ్ ఎ జాయ్' అంది. వెరీ స్వీట్ గర్ల్ అంట. రీడింగ్ మీద వర్క్ చేస్తున్నారంట. బాగా గ్రో అవుతోందంట."

అందరం దాని వైపు చూసి మురిసిపోయాం. అది పప్పన్నంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. పొగిడితే సిగ్గుపడుతోందని అనుకున్నాం.

మన దగ్గర టీచరు "ఫరవాలేదమ్మా, చదువుతుంది" అన్నదంటే పిల్ల క్లాసు ఫస్టు అని అర్థం. "ఇది మొద్దావతారం" అన్నదంటే అత్తెసరు మార్కులతో పాసవుతుందని అర్థం. ఇక్కడి టీచరు అలా కాదు. ముందు మొహమంతా వెలిగించుకుని మీ అమ్మాయి ఉంటే క్లాసుకే కళ అంటుంది. తర్వాత అదే నవ్వుతో, గొంతు కొంచెం తగ్గించి, చదవడం మీద పనిచేస్తున్నాం అంటుంది. మొదటి మాట మర్యాద. రెండో మాట కోసమే మనల్ని పిలిచింది. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్న మా బావగారు, ఆఫీసులో పెద్దబాసు "ఇంట్రెస్టింగ్" అంటే తన ప్రాజెక్టు అటకెక్కినట్టేనని ఇట్టే పసిగడతారు. టీచరు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివంతా కారులోనే వదిలేసి వెళ్ళారు. మిగిలిన పది నిమిషాలూ ఎక్కాలు పన్నెండు దాకే ఎందుకు నేర్పుతున్నారు, ఇరవై దాకా నేర్పితే మీ సొమ్మేం పోయింది అని ఆవిణ్ణి నిలదీసి వచ్చారు.

ఆవిడ పాపం తన ప్రయత్నం మానలేదు. ప్రతి గురువారం పిల్లలతో ఒక ఎర్ర ఫోల్డర్ ఇంటికి పంపిస్తారు. వారమంతా చేసిన వర్కు, కెఫెటేరియా మెనూ, ఏవో ప్రకటనలు ఉంటాయి. ముఖ్యమైనదేదైనా ఉంటే టీచరు ఒక చీటీ మీద రాసి పెడుతుంది. అది చూసి సంతకం పెట్టి తిప్పి పంపాలి. మా ఇంట్లో సంతకానికి కొరతా? ఎటు తిరిగినా ఒక పెద్దమనిషి తగులుతాడు. పెన్ను దొరకడమే కష్టం.

ఇలా జనవరి వచ్చింది. ఒకరోజు మా ఆయన పన్ను పీకించుకుని చెంప వాచిపోయి పడుకుంటే, స్కూలు నుంచి పిల్లని తీసుకురావడానికి నేను వెళ్ళాల్సి వచ్చింది. మధ్యాహ్నం మూడున్నర వేళ కార్లన్నీ వరసగా నిలబడతాయి. టీచర్లు నారింజరంగు కోట్లు వేసుకుని, కారు అద్దం మీద పెట్టిన నంబరు చూసి పిల్లల్ని ఎక్కిస్తుంటారు. మా కారు దగ్గరికి వచ్చిన టీచరు నన్ను చూసి, కిటికీలోకి వంగి, మీరు పిల్లకి ఆంటీనా అని అడిగింది.

"కాదు, తల్లిని" అన్నాను. నాలుగు నెలల తర్వాత పరిచయం చేసుకుంటున్నాను, ఎంత ఠీవిగా చెప్పానో.

ఆవిడ మొహం వెలిగింది. మిమ్మల్ని కలవడం ఎంతో సంతోషం, నేను రాసిన చీటీల గురించి మీరేమనుకుంటున్నారో ఒకసారి కూర్చుని మాట్లాడుకుందామా అంది.

"ఏ చీటీలు?" అన్నాను.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. అమెరికాలో ఎలిమెంటరీ స్కూలు టీచరు నవ్వు ఆగిపోవడం నేను అంతకుముందు చూడలేదు. వెనక సీట్లో మా పెద్దది బెల్టు పెట్టుకుని తన బూట్ల వంక చూస్తూ కూర్చుంది. దారిలో నేనేమీ అడగలేదు. అడగడానికి ఏం మొహం ఉంది?

ఇంటికొచ్చి ఉమ్మడి ఈమెయిల్ వెతికాను. ఆ టీచరు దగ్గర్నుంచి సెప్టెంబర్ మొదలు వరసగా ఉత్తరాలున్నాయి. అన్నీ చిక్కిపోయి ఉన్నాయి. ఎవరు తెరిచారని అడిగితే ఎవరూ తెరవలేదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట ఏమైనట్టు అని ఇంత గొంతేసుకుని అరిచాను. అత్తగారి ముందు నేను గొంతెత్తడం అదే మొదలు. ఆవిడ టీవీ ఆపేశారు.

రెండు రోజుల తర్వాత స్కూల్లో మీటింగు. తల్లో తండ్రో ఒకరొస్తే చాలన్నారు. మేం ఐదుగురం వ్యానేసుకుని వెళ్ళాం, చిన్నదాన్ని నేను చంకనేసుకుని. ఉట్టి చేతులతో ఎలా వెళ్తామని అక్క డబ్బాలో జంతికలు కూడా తెచ్చింది. క్లాసు గదిలో ఎనిమిదేళ్ళ పిల్లల కుర్చీలు తప్ప వేరేవి లేవు. మోకాళ్ళు గడ్డానికి తగులుతుండగా అందరం వాటిలో ఇరుక్కుని కూర్చున్నాం. బావగారు లాప్‌టాప్ తెరవడానికి ఒడి కోసం వెతుక్కున్నారు.

టీచరు బల్ల మీద ఏడు చీటీలు పరిచింది. ప్రతి దాని కిందా ఒక సంతకం. ఇవి ఎవరివో చెప్పగలరా అని చాలా మర్యాదగా అడిగింది.

మొదటిది అత్తగారిది. తెలుగులో, ఇంటిపేరుతో సహా, పక్కన తేదీ, కింద గీత. ఏ దస్తావేజు మీదైనా పనికొస్తుంది. రెండోది మా ఆయనది, సంతకమో పెన్ను పనిచేస్తోందో లేదో చూసిన గీతో ఆయనకే తెలియాలి. మూడోది అక్కది, పక్కన నవ్వుతున్న బొమ్మ కూడా వేసింది. నాలుగోది బావగారిది, ఫోన్ నంబరుతో సహా. ఐదోది చూసి బావగారు "ఇదీ నాదే" అని ఒక్క క్షణం ఆగి, "కాదు, నేనింత నీట్‌గా పెట్టను" అన్నారు. అది మా టెన్త్ గ్రేడ్ పిల్లాడు తండ్రి సంతకాన్ని తండ్రికన్నా బాగా పెట్టిన సందర్భం. హాలోవీన్‌కి వచ్చిన చాక్లెట్లలో మూడు దానికి ఫీజు అని తర్వాత తేలింది. ఆరోది మళ్ళీ అక్కది, మళ్ళీ నవ్వే బొమ్మ.

ఏడోది నాది.

నేను చేసేది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. ఎవరో రాసిన దాంట్లో ఎక్కడ తేడా ఉందో వెతికి పట్టుకోవడానికే నాకు జీతమిస్తారు. ఆ చీటీలో టీచరు ఇలా రాసింది. "క్లాసులో పైకి చదవమన్నప్పుడల్లా మీ అమ్మాయి బాత్రూమ్‌కి వెళ్తానంటోంది. నిన్న అక్కడ ఏడుస్తుంటే చూశాను. తనకి బుర్ర లేదని నాతో చెప్పింది. దయచేసి నాకు ఫోన్ చేయండి." దాని కింద నా పేరు, నా చేత్తో, గుండ్రంగా, ఏ తొందరా లేనట్టు ఉంది. ఎప్పుడు పెట్టానో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. ఇప్పటికీ గుర్తురాలేదు. అక్కడే ఏడ్చేశాను. టీచరు టిష్యూ పెట్టె నా ముందుకి జరిపింది. పిల్లల కోసం పెట్టుకున్నదనుకుంటాను, దాని మీద కుక్కపిల్లల బొమ్మలున్నాయి.

తర్వాత ఆవిడ విషయం చెప్పింది. అక్షరాలు, వాటి శబ్దాలు ఒకదానికొకటి అతుక్కోకపోవడం కొందరు పిల్లల్లో ఉంటుంది, తెలివికీ దానికీ సంబంధం లేదు, పరీక్షలు చేయించాలి అంది. ఏడాది చివర చదివే పరీక్ష గట్టెక్కకపోతే వేసవిలో క్లాసులు, అప్పటికీ రాకపోతే మళ్ళీ మూడో తరగతే. ఈలోగా ఇంట్లో రోజూ పావుగంట, ఎవరో ఒకరి పక్కన కూర్చుని పైకి చదవాలి. "ఒక్కరే ఉండాలి, రోజూ వాళ్ళే ఉండాలి" అని మా ఐదుగురినీ ఒకసారి కలియజూసి, నెమ్మదిగా మళ్ళీ చెప్పింది.

తిరుగు ప్రయాణంలో వ్యాను కోర్టుగా మారింది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందరం పంచుకోవాల్సింది పోయి, నీ పిడికెడు పెద్దదంటే నీ పిడికెడు పెద్దదని మొదలుపెట్టాం. "ఇది ప్రాసెస్‌లో గ్యాప్, పర్సన్స్‌ని బ్లేమ్ చేసి లాభం లేదు" అన్నారు బావగారు, పర్సన్స్‌లో తనే మొదటివాడు కాబట్టి. మా ఆయన వాచిన చెంప పట్టుకుని నాకు మాట్లాడ్డం కష్టంగా ఉందని సైగ చేశారు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయనకి అవసరమైనప్పుడల్లా ఏదో ఒకటి వాస్తూనే ఉంది. ఇంతలో బావగారు అద్దంలోంచి నన్ను చూసి అడిగారు.

"ఏమ్మా, మీ వైపు ఎవరికైనా ఇలాంటిది ఉందా?"

పద్యాలప్పుడు గుర్తురాని మా వైపు, ఇప్పుడు గుర్తొచ్చింది. నేను నోరు తెరిచేలోపు అత్తగారు అందుకున్నారు.

"నోర్మూసుకుని బండి తోలరా. నా స్కూల్లో ఇలాంటివాళ్ళని ఎంతమందిని బెంచీ ఎక్కించానో నాకే లెక్క తెలీదు. మొద్దు వెధవలనుకున్నాను. గోడకుర్చీ వేయించాను. రోజూ నా ఒళ్ళో కూర్చునే పిల్లని కనిపెట్టలేకపోయాను, వాళ్ళనేం కనిపెట్టుంటాను?"



ఆ సాయంత్రం నేను ఉతికిన బట్టలు మంచం మీద పోసి మడతలు పెడుతుంటే మా పెద్దది వచ్చి సాక్సులు జత కలపడం మొదలుపెట్టింది. పదిమంది సాక్సులు కలపడం మామూలు తెలివితో అయ్యే పని కాదు, అది చిటికెలో చేసేస్తుంది. తిట్టనని ఒట్టేసి అడిగాను.

"ఆ చీటీలు ఎవరి దగ్గరికి తీసుకెళ్ళాలో ఎలా డిసైడ్ చేసేదానివే?"

"బిజీ ఉన్నవాళ్ళ దగ్గరికి" అంది, ఇది కూడా తెలీదా అన్నట్టు. "నానమ్మకి సీరియల్ వస్తున్నప్పుడు. నాన్నకి కాల్‌లో ఉన్నప్పుడు. పెద్దమ్మకి దోసెలు వేస్తున్నప్పుడు, బికాజ్ చూస్తే దోసె మాడిపోతుంది కదా."

"పెదనాన్నకి?"

"పెదనాన్నకి అన్ని పేపర్స్ కలిపి ఇస్తే అన్నీ ఒకేసారి సైన్ చేసేస్తారు. ఆయన చాలా ఈజీ."

"మరి నాకు?"

అది ఆలోచించలేదు. ఎర్రచారల సాక్సుకి జత వెతుకుతూ చెప్పింది. "నీకు ఎప్పుడిచ్చినా ఓకే అమ్మా. నువ్వు ఆల్వేస్ బిజీ."

దాని గొంతులో నిష్ఠూరం ఉన్నా బాగుండేది. లేదు. వాన పడుతోంది అన్నట్టు చెప్పింది. ఈ పిల్లకి నేను వేళకి అన్నీ చేశాను, టీకాలు, జలుబు మందులు, ఇస్త్రీ గౌన్లు. దీనికి నేనంటే కళ్ళెత్తి చూడని ఒక సంతకం. నన్ను నేనే నాలుగు చెంపదెబ్బలు కొట్టుకోవాలనిపించింది.

"నాతో ఎందుకు చెప్పలేదే తల్లీ, చదవడం కష్టంగా ఉందని?"

"నీకు చెప్తే నాన్నకి చెప్తావు. నాన్న పెదనాన్నకి చెప్తారు. అప్పుడు డైనింగ్ టేబుల్ దగ్గర అందరూ మాట్లాడతారు." ఇంకో సాక్సు తీస్తూ అంది. "మన ఇంట్లో ఒక్కరికే చెప్పడం ఉండదు అమ్మా."

అంతకు గంట ముందే బావగారు ఆ రాత్రి భోజనాల దగ్గర చర్చించాల్సిన విషయాల జాబితాలో దీన్ని మొదట రాసుకున్నారు.

అన్నట్టే చర్చ జరిగింది. ఆ పావుగంట ఎవరికి దక్కాలని. నాలుగు నెలలు ఎవరికీ అక్కర్లేని పిల్ల ఒక్కసారి అందరికీ కావలసి వచ్చింది. అనుభవం ఉంది కాబట్టి తనే చదివిస్తానని అత్తగారు. ప్రతి వారం ప్రోగ్రెస్ గ్రాఫ్ గీస్తానని బావగారు. వంటింట్లోనే కూర్చోబెట్టుకుంటే తన కళ్ళముందే ఉంటుందని అక్క. తల్లిని నేనుండగా మీరెందుకని నేను. ఇంట్లో వినపడకూడదన్న మాట అలా వినపడింది. అందరూ నా వైపు చూశారు. మా ఆయన పన్ను నొప్పి మర్చిపోయి, జీవితంలో మొదటిసారి పనికొచ్చే మాట ఒకటి అన్నారు.

"దాన్నే అడగొచ్చు కదా."

అడిగాం. అది ఒక్కొక్కరి మొహం వంకా చూసి, "చెల్లి" అంది.

టేబులంతా గొల్లుమంది. కవలలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. "చెల్లికి ఏబీసీడీలే రావు కదే బంగారం!" అంది అక్క.

"అందుకే" అంది మా పెద్దది. "తప్పు చదివినా తనకి తెలీదు."

అత్తగారు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచి వెళ్ళిపోయారు. ఆ పూట పెరుగన్నం ఎవరూ తినలేదు.

ఆ తర్వాత పరీక్షలు చేశారు, దాని ఇబ్బందికి డిస్లెక్సియా అని పేరు పెట్టారు, స్కూల్లో వేరే టీచరు వచ్చి నేర్పడం మొదలుపెట్టింది. వేసవంతా క్లాసులకి వెళ్ళింది, చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు నాలుగో తరగతిలోకి గట్టెక్కింది. బావగారు ఫ్రిజ్ మీది పట్టిక మార్చారు, ఎర్ర ఫోల్డర్‌కి విడిగా ఒక గడి గీసి అందులో ఒక్క పేరే రాశారు. ఇవన్నీ తర్వాతి సంగతులు. నేను చెప్పాలనుకున్నది మర్నాటి సాయంత్రం గురించి.

పిల్లల గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల మా పెద్దది నేల మీద గోడకి ఆనుకుని కూర్చుంది, ఒళ్ళో పుస్తకం, పక్కన చిన్నది. చిన్నదానికి బొమ్మలు కావాలి, పేజీ తిప్పేయాలని చెయ్యి పెడుతోంది. "ఆగు, ఇంకా అవలేదు" అని ఇది ఆపుతోంది. నేను తలుపు బయట నిలబడి విన్నాను. ఎనిమిదేళ్ళలో నా కూతురు నిజంగా చదవడం వినడం నాకదే మొదటిసారి. ఒక మాట. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తర్వాత సగం మాట. వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి. పాతిక పద్యాలు ఒక్క గుక్కలో చెప్పిన పిల్ల, ఒక్క వాక్యానికి చెమటోడుస్తోంది. రోజూ క్లాసులో ఇరవైమంది ముందు దీన్నుంచి తప్పించుకోవడానికి బాత్రూమ్‌కి పరిగెత్తేదన్నమాట. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

"నేనూ కూర్చోనా?"

అది పుస్తకం మూసి గుండెకి ఆనించుకుంది. "కూర్చో. కానీ బుక్ చూడొద్దు."

సరేనని దాని వైపు వీపు పెట్టి, బీరువాకి ఎదురుగా కూర్చున్నాను. చిన్నది వచ్చి నా ఒళ్ళో చేరింది. చదువు సాగింది. తప్పు చదువుతోందో ఒప్పు చదువుతోందో నాకు తెలిసే దారి లేదు. ప్రతి చోటా అందించాలని నోరు పీకేస్తోంది, అందించడానికి ఏముందో కనిపించదు. ఏం చెప్పాలో తెలియకుండా పావుగంట నోరు మూసుకుని కూర్చోవడం మా వంశంలో ఎవరికీ అలవాటు లేదు.

ఇంతలో కింద నుంచి బావగారి కేక. "ఏమ్మా, ఎంతవరకు వచ్చింది? ఎన్ని పేజీలు అయ్యాయి?"

వెనక చదువు ఆగిపోయింది.

"బట్టలు సర్దుతున్నాను బావగారూ" అని అరిచాను.

వెనక నుంచి చిన్న నవ్వు వినిపించింది. మళ్ళీ చదవడం మొదలైంది. ఒక మాట, ఇంకో మాట, ఆ తర్వాత ఆగిపోయింది. ఎంతకీ కదలదు. నేను బీరువా వంక చూస్తూనే ఉన్నాను.

"అమ్మా" అంది. "ఇటు తిరుగు. ఇది నాకు రావట్లేదు."